పిక్క మీద నీలి గీత

సిరిసిల్ల సాంచాల సందుల్లో, కరీంనగర్ బట్టల దుకాణాల్లో, ఆదిలాబాద్ పత్తి చేలల్లో పొద్దంతా నిలబడే కాళ్ల మీద ఎర్రటి, నీలి గీతలు తేలుతుంటాయి. కొన్నింటితో ఏ బాధా ఉండదు. కొన్ని మాత్రం లోపల ముదురుతున్న జబ్బుకు పైకి కనిపించే గుర్తులు. ఏది వదిలేయొచ్చు, ఏది వదిలేయకూడదు, చికిత్స ఎవరికి అవసరం? ఈ వారం ముఖచిత్ర కథనం.

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో సాంచాకూ సాంచాకూ మధ్య మనిషి పట్టేంత సందు మాత్రమే ఉంటుంది. కార్మికుడి కొలువంతా ఆ సందులోనే. ఒక్కడే ఎనిమిదో పదో సాంచాలు చూసుకోవాలి. ఈ కొసన పోగు తెగితే ముడేయాలి, ఆ కొసన కండె అయిపోతే మార్చాలి. రెండడుగులు వేయడం, ఆగడం, వంగడం, మళ్లీ రెండడుగులు. షిఫ్టు పన్నెండు గంటలు. చాయ్ వచ్చినా నిలబడే తాగాలి, ఎందుకంటే సాంచా ఆగితే మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే కూలి తగ్గుతుంది. పని దిగాక కాళ్లు కడుక్కుంటూ చూసుకుంటే పిక్క లోపలి వైపు వంకర తిరిగిన నరం, చీలమండ పక్కన సన్నటి ఊదా గీతల గుంపు. ‘కాళ్లు గుంజుతున్నయ్’ అనుకుని కాస్త బామ్ రుద్దుకుని పడుకుంటాడు. అట్లా ఏళ్లు గడిచిపోతాయి.

అదే జిల్లాలో ఇంకో ఇంట్లో పెళ్లి కుదిరిన అమ్మాయికి తొడ మీద వెంట్రుక మందాన నాలుగు ఎర్ర గీతలు కనిపిస్తాయి. నొప్పి లేదు, వాపు లేదు. అయినా ఇల్లంతా కంగారు. సెల్‌ఫోన్‌లో వీడియోలు చూస్తారు, ఎవరో చెప్పిన క్రీము తెస్తారు, ఆఖరికి లేజర్ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేస్తారు.

ఉత్తర తెలంగాణలో ఈ సమస్య ఇట్లా తలకిందులుగా నడుస్తోంది. వదిలేసినా నష్టం లేని గీతకు తొందరపడుతున్నాం. వైద్యం కావాల్సిన కాలికేమో పుండు పడేదాకా బామ్‌తో సరిపెడుతున్నాం.

గీతకో కొలత

చర్మం కింద ఉండే అతి సన్నటి రక్తనాళాలు సాగిపోయి, తిరిగి ముడుచుకోలేక అట్లాగే ఉండిపోతే పైకి కనిపిస్తాయి. వీటినే స్పైడర్ వెయిన్స్ అంటున్నాం. మందం ఒక మిల్లీమీటరు లోపే. వేలితో తడిమితే చేతికి తగలవు. ఇంకొంచెం లోతున, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందంతో ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో ఉండేవి రెటిక్యులర్ వెయిన్స్. మూడు మిల్లీమీటర్లు దాటి, నిలబడినప్పుడు ఉబ్బి మెలికలు తిరిగి చేతికి తగిలేవి వెరికోస్ వెయిన్స్.

డాక్టర్లు ఈ జబ్బును మెట్లుగా విడదీస్తారు. 1994లో హవాయి దీవుల్లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు సీప్ అనే వర్గీకరణ తయారుచేశారు. 2020లో దాన్ని మరోసారి సవరించారు. అందులో స్పైడర్, రెటిక్యులర్ గీతలది మొదటి మెట్టు. వెరికోస్ నరాలది రెండోది. కాలు వాస్తే మూడోది. చర్మం నల్లబడి గట్టిపడితే నాలుగోది. మానిన పుండుంటే ఐదు, మానని పుండుంటే ఆరు. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లందరూ ఆరో మెట్టుకు చేరరు. ఎక్కువమంది జీవితమంతా అక్కడే ఉండిపోతారు.

అసలు ఈ గీతలు లేనివాళ్లే తక్కువ. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో 1990లలో 18 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 1,566 మంది కాళ్లను వైద్యులు పరీక్షించారు. సన్నటి గీతలో, వల వంటి నరాలో 80 శాతానికి పైగా కనిపించాయి. పెద్ద వెరికోస్ నరాలు ఆడవాళ్లలో 32 శాతం మందికి ఉంటే, మగవాళ్లలో 40 శాతం మందికి ఉన్నాయి. ఇది ఆడవాళ్ల జబ్బన్న మాట తప్పని అక్కడే తేలిపోయింది. మగవాళ్లు ప్యాంటు కింద దాచుకుంటారు, దవాఖానకు పోరు. తేడా అంతే.

పిక్కలోని పంపు

గుండె నుంచి కాలికి రక్తం తేలిగ్గా దిగుతుంది. తిరిగి పైకెక్కడమే కష్టం. ఆ పని చేసేది పిక్క కండరం. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది, రక్తం పైకి పోతుంది. వైద్యులు పిక్కను రెండో గుండె అనేది అందుకే.

ఎక్కిన రక్తం కిందికి జారకుండా సిరల్లో అక్కడక్కడా కవాటాలుంటాయి. బావికి మోటరు పెట్టిన రైతుకు వీటి సంగతి విడిగా చెప్పక్కర్లేదు. పైపు అడుగున ఫుట్‌వాల్వు లీకైతే మోటరు ఎంత తిరిగినా ఎక్కిన నీళ్లు ఎక్కినట్టే దిగిపోతాయి. కాలి సిరలో కవాటం చెడినా అంతే. పైకెళ్లాల్సిన రక్తం కిందికి జారి చీలమండ దగ్గర నిలవ పడుతుంది. ఆ ఒత్తిడికి సిర గోడ సాగుతుంది. గోడ సాగితే పక్క కవాటం కూడా సరిగా మూసుకోదు. ఒకటి చెడితే దాని కింది దానికి బరువు పెరుగుతుంది. జబ్బు ఇట్లా మెల్లగా పాకుతుంది.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్లుంటుంది. మనం బీపీ కొలిచే లెక్కే ఇది. అదే నడుస్తుంటే ఆరోగ్యమైన కాలిలో 30 కంటే దిగువకు పడిపోతుంది. పొద్దున నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషికి లేని బాధ, దుకాణంలో ఒక్కచోట నాలుగు గంటలు నిలబడ్డ మనిషికి ఎందుకొస్తుందో ఈ రెండంకెలు చెబుతాయి. సాంచాల మధ్య రోజంతా తిరుగుతున్నట్టే కనిపించినా రెండడుగులకోసారి ఆగే నడకలో పిక్క పూర్తిగా పిండదు.

డెన్మార్క్‌లో ఉద్యోగులను పన్నెండేళ్లపాటు గమనించి 2005లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ మాటే చెప్పింది. ఎక్కువసేపు నిలబడి పనిచేసేవాళ్లు వెరికోస్ నరాలతో ఆసుపత్రిలో చేరడం మిగతావాళ్లతో పోలిస్తే రెట్టింపుకు కాస్త తక్కువగా ఉందని తేలింది. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టూ ఉన్న దుకాణాల్లో చీరలు పరిచి చూపించే ఆడపిల్లలు, బస్సులో నిలబడే టికెట్లు కొట్టే కండక్టరక్క, ఎండలో ట్రాఫిక్ పోలీసు, టిఫిన్ సెంటరు పెనం ముందు వంటమాస్టరు, బోర్డు ముందు పంతులమ్మ – అందరిదీ నిలబడే కొలువే.

చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే అక్కలది కూర్చునే పని. కూర్చునే పనికీ ఈ నరాలకూ ఉన్న లంకె నిలబడే పని విషయంలో రుజువైనంత గట్టిగా రుజువు కాలేదు. కానీ మోకాళ్లు మడిచి గంటలకొద్దీ కదలకపోతే పిక్క పంపు అక్కడా ఆగినట్టే. గంటకోసారి లేచి గడప దాకా నడిచి రావడం వాళ్లకూ మంచిదే.

పనొక్కటే కారణం కాదు. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. వయసు, బరువు కూడా తోడవుతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి పొత్తికడుపులోని సిరలను నొక్కుతుంది. అందుకే ఐదో నెలకో ఆరో నెలకో గీతలు తేలతాయి. కాన్పు తర్వాత కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతాయి కూడా. అంతవరకు ఏ సూదీ, ఏ లేజరూ వద్దు.

చూపు మోసపోయే చోట్లు

గీత కనిపించగానే ‘నరాల జబ్బు’ అని ముద్ర వేయకూడదు. ఈ ప్రాంతంలో దానిలాగే కనిపించేవి ఇంకా కొన్ని ఉన్నాయి.

మొదటిది బోదకాలు. కరీంనగర్ పాత ఫైలేరియా ప్రాంతం. ఇంటింటికీ తిరిగి డీఈసీ, ఆల్బెండజోల్ గోలీలు మింగించిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. అందుకే కాలు వాస్తే ముందుగా బోదకాలనే అనుకుంటారు. కానీ సిరల వాపు లక్షణం వేరు. అది పొద్దుగూకేసరికి పెరుగుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. చీలమండ లోపలి వైపు చర్మం ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ముదిరిన బోదకాలు వాపు పాదం పైభాగాన్ని, వేళ్లను కూడా పట్టుకుంటుంది, తెల్లారినా తగ్గదు, చర్మం దళసరి అవుతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. కాబట్టి పరీక్ష చేయించుకోకుండా తేల్చుకోవద్దు.

రెండోది చలిమంట మచ్చ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో డిసెంబర్, జనవరి చలికి పొద్దునా రాత్రీ మంట ముందు కూర్చోక తప్పదు. రోజూ ఒకేచోట సెగ తగిలితే ముంగాళ్ల మీద వల అల్లినట్టు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో మచ్చలు పడతాయి. చూడ్డానికి నరాలు తేలినట్టే ఉంటాయి, కానీ సిరల్లో ఏ లోపమూ ఉండదు. మంటకు దూరం జరిగితే కొన్ని నెలల్లో పలచబడతాయి. ఏళ్ల తరబడి సెగ తగిలి, అక్కడ పుండో గడ్డో వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మూడోది ముఖం మీది గీతలు. ముక్కు పక్కన, బుగ్గల మీద ఎర్రటి సన్నటి నాళాలు తేలాయంటే ఎండ, రోజేషియా అనే చర్మవ్యాధి వంటి కారణాలుండొచ్చు. మన దగ్గర ముందు అనుమానించాల్సింది మాత్రం స్టెరాయిడ్ క్రీమును. తెల్లబడతామని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాసే క్రీముల్లో బెటామెథాసోన్, మోమెటాసోన్, క్లోబెటసాల్ లాంటివి ఉంటాయి. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, లోపలి నాళాలు బయటపడతాయి, క్రీము ఆపితే మంట, మొటిమలు. దేశంలోని చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా మొత్తుకోగా 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఇట్లాంటి ముఖానికి లేజర్ కంటే ముందు కావాల్సింది ఆ క్రీమును డాక్టరు సలహాతో మాన్పించడం.

నాలుగోది ఛాతీ, మెడ, భుజాల మీద వచ్చే ఎర్ర చుక్క. నడుమ చిన్న బిందువు, దాని నుంచి నాలుగు వైపులా సన్నటి కాళ్లు. నడుమ బిందువును నొక్కితే మొత్తం తెల్లబడుతుంది, వేలు తీయగానే మధ్య నుంచి అంచులకు మళ్లీ ఎరుపెక్కుతుంది. స్పైడర్ నీవస్ అనే ఇది సిరలకు సంబంధించింది కాదు, సన్నటి ధమనికి సంబంధించింది. పిల్లల్లో, గర్భిణుల్లో ఒకటో రెండో ఉంటే భయం లేదు. మద్యం అలవాటున్న మనిషికి ఇవి గుంపుగా వస్తే కాలేయ పరీక్షలు చేయించాలి. చర్మం మీది చుక్కను కాల్పించుకుని కాలేయాన్ని వదిలేస్తే అసలు జబ్బు మిగిలిపోతుంది.

ఐదోది నొప్పి. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే నిమిషాల్లో తగ్గిపోతుంటే అది సిరల బాధ కాకపోవచ్చు. కాలికి రక్తం తెచ్చే ధమని పూడుకుపోతున్నప్పుడు అట్లా అవుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఇట్లాంటివాళ్లు నరాల కోసమని బిగుతు మేజోళ్లు తొడిగితే ఉన్న కాస్త రక్తమూ అందక కాలికే ముప్పు.

ఇవి కనిపిస్తే జాగు చేయొద్దు

• చీలమండ పైన చర్మం నల్లబడి, దురద పెట్టి, గట్టిపడటం. పుండుకు ముందు వచ్చే హెచ్చరిక ఇదే. దీన్ని తామర అనుకుని నెలలకొద్దీ మలాములు రాస్తుంటారు.

• చీలమండ లోపలి వైపు చిన్న దెబ్బ తగిలి, రెండు వారాలైనా మానకపోవడం.

• ఉబ్బిన నరం పగిలి రక్తం చిమ్మడం. వెంటనే పడుకోబెట్టి కాలు గుండె కంటే ఎత్తులో పెట్టాలి. శుభ్రమైన గుడ్డతో కారేచోటే పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. పైన తాడు కట్టొద్దు, దానివల్ల సిరలో ఒత్తిడి పెరిగి రక్తం ఇంకా పోతుంది. ఆగినా దవాఖానకు తీసుకెళ్లాలి.

• ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి నొప్పి పెట్టడం. లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దానికి ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఈ చివరి సంగతి గల్ఫ్‌కు వలసపోయే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇళ్లకు మరీ ముఖ్యం. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే సిరల్లో గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మొత్తం మీద చూస్తే అది అరుదే, సుమారు ఆరు వేల మందిలో ఒకరికి. అయితే గల్ఫ్‌కు పోయే మనిషి ఇక్కడ బస్సెక్కి శంషాబాద్ విమానాశ్రయంలో గంటలకొద్దీ కూర్చుని, ఆపైన విమానంలో నాలుగైదు గంటలు కాళ్లు ముడుచుకుంటాడు. నడుమ లేచి తిరగడం, మడమలెత్తి దించడం, నీళ్లు తాగడం మరవొద్దు.

ముందు డాప్లర్, తర్వాతే సూది

రోమన్ సేనాని గయస్ మారియస్ కాళ్ల నిండా వెరికోస్ నరాలుండేవని ప్లూటార్క్ రాశాడు. తాళ్లతో కట్టేయనివ్వకుండా, కిక్కురుమనకుండా ఒక కాలికి కోత పెట్టించుకున్నాడట. రెండో కాలు చాపమంటే మాత్రం, ఇంత నొప్పికి తగ్గ ఫలితం కాదిది అని వద్దన్నాడట. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా మన పల్లెల్లో ‘నరాల ఆపరేషన్’ అంటే అదే భయం. కానీ వైద్యం ఇప్పుడు అక్కడ లేదు.

మొదటి పని పరీక్ష. కాళ్లలో బరువు, వాపు, ఉబ్బిన నరాలు ఉంటే డాప్లర్ స్కాన్ చేయాలి. రోగిని నిలబెట్టి స్కాన్ పరికరాన్ని తొడ నుంచి పిక్క దాకా కదిలిస్తూ, పిక్కను చేత్తో ఒకసారి పిండి వదులుతారు. రక్తం పైకి పోయి ఆగిందా, మళ్లీ కిందికి జారిందా అన్నది తెరమీద కనిపిస్తుంది. గజ్జల నుంచి చీలమండ దాకా వచ్చే పెద్ద సిరలో లీకు పెట్టుకుని పైన గీతలు చెరిపేస్తే అవి మళ్లీ వస్తాయి. లక్షణాలేవీ లేకుండా ఉత్త గీతలే ఉన్నవాళ్లకు స్కాన్ తప్పనిసరి కాదు. ఎవరికి కావాలో డాక్టరు కాలు చూసి చెబుతారు.

కాలి గీతలకు ఎక్కువగా చేసేది స్క్లెరోథెరపీ. రోగిని పడుకోబెట్టి, భూతద్దం వెలుగులో వెంట్రుకంత సన్నటి సూదిని గీతలోకి ఏటవాలుగా దింపుతారు. పోలిడోకనాల్ వంటి మందు చుక్కలు చుక్కలుగా లోపలికి పోగానే ఎర్ర గీత కళ్లముందే మాయమవుతుంది. అక్కడి రక్తాన్ని మందు నెట్టేసిందన్నమాట. కాసేపటికి ఆ చోట దోమ కుట్టినట్టు ఎర్రగా దద్దురు లేస్తుంది. మందు తాకిడికి నాళం లోపలి గోడ దెబ్బతిని అతుక్కుపోతుంది, తర్వాతి వారాల్లో శరీరమే దాన్ని కరిగించుకుంటుంది. సూది కాగానే రోగిని పడుకోనివ్వరు. మేజోళ్లు తొడిగి పది, పదిహేను నిమిషాలు నడిపిస్తారు. ఫలితం కనిపించడానికి నెల దాకా పడుతుంది. ఒక్కసారితో అన్నీ పోవు. నాలుగైదు వారాల ఎడంతో రెండు మూడుసార్లు చేయాల్సి రావొచ్చు.

కొంచెం పెద్ద నరాలకైతే అదే మందును నురగ చేసి ఎక్కిస్తారు. ఇటలీ వైద్యుడు టెసారి 2000లో చెప్పిన పద్ధతి ఇది. రెండు సిరంజిలను ఒక మూడు దారుల బిరడాతో కలిపి, ఒక పాలు మందు, నాలుగు పాళ్లు గాలి తీసుకుని ఇరవైసార్లు అటూ ఇటూ నెడితే పాలనురగ లాంటిది తయారవుతుంది. సిరలోని రక్తంతో కలిసిపోకుండా అది గోడను అంటుకుని నిలుస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. సూది వేసినచోట గోధుమ రంగు చార మిగలొచ్చు. చామనఛాయ, నల్లని చర్మం మీద అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామందిలో ఏడాదిలోపు మాసిపోతుంది, అందరిలో కాదు. కొందరికి చుట్టూ కొత్తగా మరింత సన్నటి ఎర్ర గీతలు లేస్తాయి. మందు బయటికి పొక్కితే పుండు పడొచ్చు, అలర్జీ రావొచ్చు. గర్భిణులకు, కాలి సిరలో గడ్డకట్టినవాళ్లకు ఈ వైద్యం చేయరు.

లేజర్ విషయంలో మన చర్మానికి మరికొంత జాగ్రత్త కావాలి. లేజర్ కాంతిని నాళంలోని రక్తమే కాదు, చర్మంలోని రంగు పదార్థం కూడా పీల్చుకుంటుంది. రంగు ఎక్కువున్న చర్మం అందుకే తొందరగా కాలుతుంది. మన రంగుకు 1064 నానోమీటర్ల పొడవు తరంగంతో పనిచేసే ఎన్‌డీ–యాగ్ లేజర్ మిగతావాటికంటే సురక్షితం. కాలి మీది గీతలకు చాలావరకు సూదే మొదటి ఎంపిక, ముఖం మీది గీతలకు లేజర్ బాగా పనికొస్తుంది. ముందు చిన్నచోట పరీక్షించి చూడాలి. ఏ మిషను, ఎన్నిసార్లు, మచ్చ పడితే ఏం చేస్తారు అని అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉంది. చేసేది డాక్టరా, కాదా అన్నది కూడా అడగాలి.

పెద్ద సిర చెడినప్పుడు ఇదివరకు గజ్జల్లో కోసి సిరను లాగేసేవాళ్లు. ఇప్పుడు మోకాలి దగ్గర సూది రంధ్రంలోంచి సన్నటి తీగ పంపి, లేజర్ వేడితోనో రేడియో తరంగాల వేడితోనో సిరను లోపలే మూసేస్తారు. చాలామంది ఆ రోజే నడిచి ఇంటికి పోతారు. పుండు ఉన్నవాళ్లకు ఇది ఆలస్యం చేయకూడని పని. బ్రిటన్‌లో 450 మంది మీద చేసి 2018లో ప్రచురించిన ఎవ్రా అధ్యయనంలో కట్లతో పాటు వెంటనే సిర మూయించుకున్నవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. సిర వైద్యం వాయిదా వేసినవాళ్లలో అంతమందికి మానడానికి 82 రోజులు పట్టింది. కూలి మీద బతికే మనిషికి ఆ 26 రోజులు చిన్న లెక్క కాదు.

క్రీములు, నూనెలు, జలగలు పట్టించడం – ఇవేవీ చెడిన కవాటాన్ని బాగుచేయలేవు. బిగుతు మేజోళ్లు కూడా గీతలను చెరపవు, వాపును, బరువును తగ్గిస్తాయి. మొదటి రకం 18–21 మిల్లీమీటర్ల ఒత్తిడి పెడుతుంది, రెండోది 23–32. పొద్దున మంచం దిగకముందే, కాలు వాయకముందే తొడగాలి. రామగుండం మే నెల ఎండల్లో వాటిని రోజంతా భరించమనడం తేలికే, భరించడమే కష్టం. పనివేళల్లో వేసుకుని ఇంటికి రాగానే తీసేసి, పావుగంట కాళ్లు గోడకు ఆనించి పడుకోవడం చాలామందికి కుదిరే దారి.

దవాఖాన దూరం తగ్గింది

ఒకప్పుడు ఈ జబ్బుకు హైదరాబాద్‌లోని నిమ్స్ దాకానో ఉస్మానియా దాకానో పోవాల్సి వచ్చేది. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో మొదలైంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలొచ్చాయి. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు రెండింట్లో కలిపి ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. కరీంనగర్ దగ్గర నగునూరు ప్రతిమ, బొమ్మకల్ చల్మెడ ఆనందరావు ప్రైవేటు కళాశాలలు వీటికి అదనం. కాలు నల్లబడినా, పుండు పడినా ముందు జనరల్ సర్జరీ ఓపీకి, చర్మం మీది గీతలకైతే చర్మవ్యాధుల ఓపీకి పోతే చాలు. రక్తనాళాల సర్జన్ అవసరమైతే వాళ్లే పంపుతారు.

అందానికి చేసే చికిత్సలకు సర్కారు పథకాలూ బీమాలూ సాధారణంగా వర్తించవు. జబ్బు ముదిరి ఆపరేషన్ అవసరమైతే లెక్క వేరు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. ఏ ఆపరేషన్ ఏ దవాఖానలో వర్తిస్తుందో చేరకముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

ముందు స్టూలు వేయండి

సూదితో నాలుగు గీతలు పోగొట్టించుకున్న మనిషి మర్నాటి నుంచి అదే పన్నెండు గంటల షిఫ్టులో నిలబడితే కొత్త గీతలు రాక మానవు. అందుకే ఈ సమస్యలో సగం డాక్టరు చేతిలో ఉంటే, మిగతా సగం యజమాని చేతిలో ఉంది.

ఇదేం కొత్త కోరిక కాదు. నిలబడి పనిచేసే కార్మికులకు అవకాశం దొరికినప్పుడల్లా కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. కానీ నలుగురైదుగురితో నడిచే షెడ్డును, గల్లీలోని దుకాణాన్ని ఆ చట్టం పట్టించుకోలేదు. కేరళలో చీరల దుకాణాల ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడి 2018లో దుకాణాల చట్టంలో కూర్చునే హక్కు రాయించుకున్నారు. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. అక్కడ అమ్మకాలేమీ ఆగిపోలేదు.

మన దుకాణదారులు, సాంచాలు నడిపించే ఆసాములు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కౌంటరు వెనక, సాంచాల వరుస చివర ఒక స్టూలు పడేయొచ్చు. గిరాకీ లేని వేళ కూర్చుంటే గదమాయించకుండా ఉండొచ్చు. గంటకోసారి ఐదు నిమిషాలు నడవనివ్వొచ్చు. ఒక జత బిగుతు మేజోళ్ల డబ్బుతో రెండు మూడు ప్లాస్టిక్ స్టూళ్లొస్తాయి. మేజోళ్లు ఒక్కరి కాళ్లకే పనికొస్తాయి, స్టూలు షిఫ్టు మారిన ప్రతిసారీ ఇంకొకరికి పనికొస్తుంది.